టోకెన్ చుట్టూ తెల్లగీత పోవడం లేదా?

సంక్రాంతికి ఊరొచ్చిన మా బాబాయి పిల్లలతో కలిసి గోదావరి లంకల్లో కథ జరిగే ఒక రోల్‌ప్లేయింగ్ ఆట (తలా ఒక పాత్రగా ఆడేది) మొదలుపెట్టాను. సెలవులయ్యాక ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు, ఇప్పుడది ఆన్‌లైన్‌లో నడుస్తోంది. తెరమీది మ్యాప్‌పై పాత్రల్నీ వస్తువుల్నీ చూపే చిన్న బొమ్మలే టోకెన్లు. కోటలు, డ్రాగన్ల బొమ్మలు నెట్‌లో బోలెడు. పంటు (రేవు దాటించే పెద్ద పడవ), ప్రభ (సంక్రాంతికి అలంకరించి ఊరేగించేది), నాటుపడవ, కోరింగ మడ అడవిలోని బావురుపిల్లి కావాలంటే మాత్రం మనమే చేసుకోవాలి. అలా చేసేటప్పుడు ఎదురైన చిక్కులివి. నేను వాడేది జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది.

పడవ చుట్టూ తెల్ల డబ్బా

జేపీజీ ఫైలులో ట్రాన్స్‌పరెంట్ భాగం నిలవదు, ఆ ఖాళీ ఏదో ఒక రంగుతో నిండిపోతుంది. ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో పీఎన్‌జీ గానీ వెబ్‌పీ గానీ ఎంచుకోండి. చాటింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే అది మళ్లీ జేపీజీ అయిపోవచ్చు, అందుకే డాక్యుమెంట్‌గా పంపండి. డిలీట్ కొట్టినా తెల్లగానే ఉంటే ఆ లేయర్‌కు (బొమ్మలోని పొరకు) ఆల్ఫా ఛానల్, అంటే ఖాళీని ఖాళీగా ఉంచే గుణం, లేదన్నమాట. లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద యాడ్ ఆల్ఫా ఛానల్ నొక్కండి.

డబ్బా పోయింది, అంచున తెల్లగీత మిగిలింది

నన్ను ఎక్కువ విసిగించింది ఇదే. పడవ అంచు దగ్గరి పిక్సెళ్లలో పడవ రంగు, వెనకున్న ఆకాశం రంగు కలిసిపోయి ఉంటాయి. తెల్ల తెరమీద ఆ తేడా తెలియదు, ముదురు నీళ్ల మ్యాప్ మీద పెట్టగానే బయటపడుతుంది. అందుకని పని మొదలుపెట్టే ముందే అడుగున ముదురు ఆకుపచ్చ లేయర్ ఒకటి వేసుకోండి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు దాన్ని దాచేయండి. వెనక భాగాన్ని సెలెక్ట్ చేశాక సెలెక్ట్ మెనూలో గ్రో (సెలెక్షన్‌ను పెంచేది) ఒకటో రెండో పిక్సెళ్లు, ఫెదర్ (అంచును మెత్తబరిచేది) ఒక పిక్సెల్ ఇచ్చి అప్పుడు డిలీట్ చేయండి.

కొబ్బరాకుల సందుల్లో ఆకాశం

ప్రతి సందునూ విడిగా సెలెక్ట్ చేస్తూ కూర్చోవద్దు. మబ్బు పట్టిన రోజు తెల్లటి ఆకాశం వెనకుండేలా ఫొటో తీసి, ఒక రంగును ఖాళీగా మార్చే కలర్ టు ఆల్ఫాలో ఆ తెలుపును ఎంచుకోండి. ఆకులు కూడా పలచబడితే ఒపాసిటీ థ్రెషోల్డ్ తగ్గిస్తూ పోండి, ఆకు చిక్కబడుతుంది. నీలాకాశం ముందు తీసిన ఫొటోతో ఇంత శుభ్రంగా రాదు.

కొంగ ఒళ్లు మాయం

వెనకున్న తెలుపు తీసేస్తే తెల్లకొంగ కూడా పోతుంది, ఎందుకంటే సెలెక్ట్ బై కలర్ ఫొటో మొత్తంలో ఉన్న తెలుపునంతా పట్టుకుంటుంది. ఫజ్జీ సెలెక్ట్ నొక్కిన చోటికి ఆనుకున్న రంగునే పట్టుకుంటుంది, అది వాడండి.

ప్రభ వెనక జనం

కోనసీమలోని జగ్గన్నతోటలో కనుమనాడు 11 ప్రభలు చేరతాయి. అక్కడ తీసిన ఏ ఫొటోలోనైనా వెనక జనం, రంగులు, చెట్లు. రంగును బట్టి వేరుచేసే ఏ టూలూ ఇక్కడ పనికిరాదు. పాత్స్ టూల్‌తో అంచు వెంబడి చుక్కలు పెట్టుకుంటూ వెళ్లి, దాన్ని సెలెక్షన్‌గా మార్చి, ఇన్వర్ట్ చేసి డిలీట్ చేయండి. అరగంట పడుతుంది. ఆ బొమ్మ బోర్డు మీద కనబడగానే పిల్లలు తమ ఊరి ప్రభ ఏదని వెతుక్కున్నారు, నాకు ఆ అరగంట దండగ అనిపించలేదు.

గడిలో బొమ్మ చిన్నగా కనిపిస్తోంది

చుట్టూ కంటికి కనబడని ఖాళీ మిగిలి ఉంది. ఇమేజ్ మెనూలో క్రాప్ టు కంటెంట్ నొక్కండి. ఇలాంటి ఆటలు ఆన్‌లైన్‌లో ఆడుకునే రోల్20లో మ్యాప్ మీది ఒక గడి మామూలుగా 70 పిక్సెళ్లు, అలాంటిదే అయిన ఫౌండ్రీలో 100. ఒక గడి టోకెన్‌కు 280 నుంచి 400 పిక్సెళ్లు ఉంటే జూమ్ చేసినా మసకబారదు, అంతకు మించితే ఫైలు బరువై పల్లెలో నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు మ్యాప్ తెరుచుకోదు.