విన్నిపెగ్‌లో కూల్చేసిన భవనం చరిత్ర వెతకడం ఎలా

కూల్చేసిన దుకాణ భవనం గురించి వెతికేవాళ్లు ఎక్కువగా పేరుతో మొదలుపెడతారు. దాన్ని పక్కన పెట్టి స్థలాన్ని పట్టుకోండి. ఓనర్లు, అద్దెదార్లు, పేర్లు, చివరికి డోర్ నంబర్లు కూడా మారిపోతాయి. కెనడాలోని విన్నిపెగ్‌లో ఈటన్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌నే తీసుకోండి. పోర్టేజ్ అవెన్యూకి దక్షిణం పక్క, డోనాల్డ్, హార్‌గ్రేవ్ వీధుల మధ్య ఉండేది. 1905 జులై 15న తెరిచారు. 1999లో మూతపడ్డాక కూల్చేశారు. 2004లో ఆ చోటే ఐస్ హాకీ స్టేడియం వచ్చింది.

ముందు హెండర్సన్ డైరెక్టరీలు, అంటే ఏ చిరునామాలో ఎవరున్నారో ఏటేటా అచ్చేసిన పుస్తకాలు చూడండి. అల్బెర్టా యూనివర్సిటీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. సెర్చ్‌ని నమ్ముకోవద్దు, చిన్న అక్షరాల్ని కంప్యూటర్ తప్పుగా చదువుతుంది. వీధుల విభాగం తెరిచి పేజీలు తిప్పండి. అడ్డవీధి తగిలిన చోట దాని పేరు వేసి ఉంటుంది కాబట్టి నంబరు మారినా చోటు దొరుకుతుంది. ఐదేళ్లకో సంచిక చూసుకుంటూ వెళ్లి, మార్పు కనిపించిన చోట మాత్రం ఏడాదేడాదీ తీయండి. వివరాలు అచ్చుకి ముందే సేకరించేవాళ్లు, అందుకే కొత్త భవనం ఒక ఏడాది ఆలస్యంగా ఎక్కి ఉండవచ్చు. 'వేకెంట్' అని ఉంటే ఖాళీ స్థలం అనుకోకండి. భవనం ఉండి, అద్దెకు ఎవరూ లేకపోయినా అలాగే రాసేవాళ్లు.

తర్వాత గోడ్ (Goad) కంపెనీ అగ్ని బీమా మ్యాపులు, అంటే బీమా కంపెనీల కోసం ఒక్కో భవనాన్నీ చూపిస్తూ గీసినవి. గులాబీ రంగు వేస్తే ఇటుక భవనం, పసుపు వేస్తే చెక్కది, నీలం వేస్తే రాతిది. అంతస్తులు అంకెల్లో ఉంటాయి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కొత్త కట్టడం వస్తే షీటంతా మళ్లీ గీయకుండా, సవరించిన ముక్కని దానిమీద అతికించేవాళ్లు. షీట్ మీద పాత తేదీ ఉన్నా అందులోని భవనం ఎన్నో ఏళ్ల తర్వాతిది కావచ్చు. నలుపు-తెలుపు కాపీలో ఆ అతుకు అంచు కనిపించదు, రంగూ తెలియదు. కలర్ స్కానే అడగండి.

నిర్మాణ అనుమతిలో ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్, అంచనా ఖర్చు దొరుకుతాయి. కానీ అనుమతి తీసుకున్నంత మాత్రాన కట్టినట్టు కాదు. ఈ విషయంలో మా ఓటు ఆస్తిపన్ను రికార్డులకే. వాటిలో స్థలం విలువ, భవనం విలువ వేరువేరుగా ఉంటాయి. భవనం విలువ ఒక్కసారిగా పెరిగితే కట్టారనో, అంతస్తులు వేశారనో అర్థం. సున్నా అయితే కూల్చేశారని.

పేపర్లలో వెతికేటప్పుడు, 'విన్నిపెగ్ ఫ్రీ ప్రెస్' 1931 దాకా 'మానిటోబా ఫ్రీ ప్రెస్' అని గుర్తుంచుకోండి. ఇంకో స్థానిక పేపర్ 'విన్నిపెగ్ ట్రిబ్యూన్' 1980లో ఆగిపోయింది.

తేదీ లేని ఫొటో చేతికొస్తే అంతస్తులు లెక్కపెట్టండి. ఈటన్స్ ఐదు అంతస్తులతో మొదలై తర్వాత ఎనిమిదికి పెరిగింది, కాబట్టి ఐదే కనిపిస్తే అది తొలినాళ్ల ఫొటో. రోడ్డు మీద ట్రామ్ ఉంటే 1955 లేదా అంతకు ముందుది. పైన తీగలు మాత్రమే కనిపిస్తే ఆ లెక్క పనికిరాదు, అలాంటి తీగల కరెంటుతోనే నడిచే ట్రాలీ బస్సులు 1970 వరకూ ఉన్నాయి.