తల్లి మంచాన పడితే బిడ్డ సంరక్షణ బంధువులకు రావాలంటే ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఏడేళ్ల పాప ఉందనుకుందాం. తండ్రి లేడు. తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పాప అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకమూ అమ్మమ్మదే. బ్యాంకులో ఎవరో ‘కాగితం ఏదమ్మా?’ అని అడిగేదాకా ఏ ఇబ్బందీ ఉండదు.

అడిగిన మర్నాడే చాలామంది స్టాంపు పేపరు కొని నోటరీ దగ్గరికి వెళతారు. ఆ డబ్బు దండగ. సంరక్షకులను నియమించేది కోర్టు, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద.

ముందు తల్లిదండ్రుల్లో రెండోవారి సంగతి తేల్చుకోండి. తండ్రి బతికి ఉండి, అనర్హుడు కాకపోతే బంధువుల పిటిషను నిలవడం కష్టం. మంచాన పడింది తండ్రి అయితే, హిందూ కుటుంబాల్లో తల్లే సహజ సంరక్షకురాలని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది.

పిటిషను బిడ్డ ఉంటున్న ఊళ్లోనే వేయాలి. మేనమామ విజయవాడలో ఉన్నా సరే, పాప కేసు గుంటూరు ఫ్యామిలీ కోర్టుకే. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది కాబట్టి అమ్మమ్మే వెళ్లడం మేలు.

కాగితాల్లో అసలు బలం డాక్టరు సర్టిఫికెట్‌ది. ‘అనారోగ్యం’ అని ఒక్క ముక్క రాయించుకుని రాకండి. తల్లి మాట్లాడగలదా, సంతకం చేయగలదా, కోలుకోవడానికి ఎంతకాలం పట్టవచ్చు అన్నవి రాయించండి. సంరక్షణకు ఒప్పుకుంటున్నట్లు అమ్మమ్మ సంతకం చేసిన ప్రకటన, దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. దగ్గరి బంధువులందరి పేర్లూ రాయాలి. మాటలు లేవు కదా అని బాబాయి పేరు వదిలేశారో, ఆయన వాయిదా రోజున కోర్టు గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. మంచంలో ఉన్నా సరే, తల్లికి కూడా నోటీసు వెళుతుంది.

బడిలో చేర్పించడం లాంటి తొందర ఉంటే, తాత్కాలిక సంరక్షణ ఉత్తర్వు కోసం విడిగా అర్జీ పెట్టండి.

విచారణలో జడ్జి పాపతో నేరుగా మాట్లాడవచ్చు. దయచేసి ముందురోజు రాత్రి కూర్చోబెట్టి జవాబులు బట్టీ పట్టించకండి. చిలక పలుకులు ఇట్టే తెలిసిపోతాయి. అమ్మమ్మకు వయసు మీద పడిందన్న బెంగా అక్కర్లేదు. కోవిడ్‌లో తల్లిదండ్రులు పోయిన ఒక బాబును 2022లో సుప్రీంకోర్టు, ఆర్థికంగా మెరుగ్గా ఉన్న తల్లి సోదరిని కాదని, నాయనమ్మా తాతయ్యలకే అప్పగించింది.

ఉత్తర్వు వచ్చాక ధ్రువీకరించిన నకళ్లు నాలుగైదు తీసుకోండి. పాప పేరున ఉన్న స్థలం అమ్మాలన్నా, పాపను కోర్టు పరిధి దాటించి వేరే ఊళ్లో ఉంచాలన్నా మళ్లీ అనుమతి కావాలి. తల్లి కోలుకుంటే బిడ్డను తిరిగి ఇమ్మని ఆమె అదే కోర్టును అడగవచ్చు.