బొమ్మల కథ నేర్చుకుందాం – ఐదో పాఠం: ఇద్దరు వీరులు ఎందుకు కొట్టుకోవాలి?

కిందటి పాఠంలో ఒక్క వీరుణ్ణి తయారుచేసుకున్నాం. అతని శక్తి ఏమిటి, అది ఎక్కడికొచ్చి ఆగిపోతుంది, ప్రాణం పోయినా అతను తప్పని మాట ఏది – ఈ మూడూ రాసుకున్న పేజీ తీసి ముందు పెట్టుకోండి. ఈసారి ఇంకొకరి వీరుణ్ణి మీ కథలోకి పిలుస్తాం. కామిక్స్ లోకంలో దీన్ని క్రాసోవర్ అంటారు. అమ్మకాల కోసం చేసే పని అని చాలామంది తీసిపారేస్తారు. కథ కట్టడం నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి కసరత్తు లేదని నా నమ్మకం. ఒక్కడి కథలో కంటపడని లోపాలు ఇద్దరున్న కథలో వెంటనే బయటపడతాయి.

మనం విప్పి చూడబోయే పుస్తకం 1976లో అమెరికా కామిక్స్ కంపెనీలు డీసీ, మార్వెల్ కలిసి వేసిన సంచిక. అందులో డీసీ వారి సూపర్‌మ్యాన్, మార్వెల్ వారి స్పైడర్‌మ్యాన్ కలుస్తారు. పోటీ కంపెనీలు రెండూ తమ పెద్ద వీరుల్ని ఒకే కథలో నిలబెట్టిన మొదటి పుస్తకం అది. రాసింది జెరీ కాన్వే, పెన్సిల్ బొమ్మలు రాస్ ఆండ్రూవి, వాటి మీద సిరా గీతలు డిక్ జోర్డానోవి. 96 పేజీలు, వెల రెండు డాలర్లు, మామూలు కామిక్ కంటే బాగా పెద్ద సైజు. రాసేవాళ్లలో, గీసేవాళ్లలో రెండు కంపెనీల సంగతీ తెలిసినవాళ్లు ఉండటం ఈ పుస్తకానికి పెద్ద బలం.

కథ ఎలా మొదలవుతుందో చూడండి. వీరులిద్దరూ వెంటనే కలుసుకోరు. ముందు సూపర్‌మ్యాన్ ఒక్కడే లెక్స్ లూథర్‌ని పట్టుకుంటాడు. తర్వాత స్పైడర్‌మ్యాన్ ఒక్కడే డాక్టర్ ఆక్టోపస్‌ని పట్టుకుంటాడు. ఆ తర్వాత జైల్లో ఈ ఇద్దరు దుర్మార్గులూ ఒకరికొకరు పరిచయమై, కలిసి పారిపోతారు. అంటే వీరుల కంటే ముందు చేతులు కలిపింది ప్రతినాయకులు. ఈ వరస నాకు చాలా ఇష్టం. స్పైడర్‌మ్యాన్ ఎవరో తెలియని పాఠకుడికి కూడా అతని తీరు, అతని వేళాకోళం, అతని కష్టాలు ముందే తెలిసిపోతాయి. అసలు గొడవ వచ్చేసరికి ఇద్దరిలో ఎవరూ మనకి పరాయివాళ్లు కారు. దీన్ని మీరు నిస్సంకోచంగా అనుకరించవచ్చు.

ఇక గొడవ. లూథర్ సూపర్‌మ్యాన్ వేషం వేసుకుని సూపర్‌మ్యాన్ ప్రేమించే లోయిస్ లేన్‌నీ, స్పైడర్‌మ్యాన్ ప్రేమించే మేరీ జేన్‌నీ మాయం చేస్తాడు. అది సూపర్‌మ్యాన్ పనే అనుకుని స్పైడర్‌మ్యాన్ అతని మీదకి వెళతాడు. కొండని ఎత్తేవాడితో ఇతను ఎలా తలపడగలడు? అందుకని లూథర్, సూపర్‌మ్యాన్ బలాన్ని తగ్గించే ఎర్ర సూర్యుడి కిరణాల లాంటివి స్పైడర్‌మ్యాన్ మీద ప్రయోగిస్తాడు. వాటి బలంతో కాసేపు సమానమైన పోరు జరుగుతుంది.

ఇక్కడే ఈ పుస్తకం నాకు తక్కువైంది. ఆ కాసేపు వాళ్లు కొట్టుకోవడానికి కారణం ఒక మారువేషం, ఒక కిరణం. రెండూ బయటి నుంచి వచ్చినవే. ఇద్దరూ నిలబడి రెండు నిమిషాలు మాట్లాడుకుంటే తేలిపోయే తగవు అది. పాఠకుడు ఆ పేజీలు చదువుతూ “ఒక్కసారి అడగొచ్చుగా” అనుకుంటాడు. అలా అనుకున్నాడంటే మీ కథలో పట్టు జారిందన్నమాట.

కానీ ఆ పోరులోనే బంగారం లాంటి ఘట్టం ఒకటుంది. కోపంలో సూపర్‌మ్యాన్ పిడికిలి విసిరి, తగిలితే ఎదుటివాడు చచ్చిపోతాడని గుర్తొచ్చి, చివరి క్షణంలో ఆపేస్తాడు. ఆ పిడికిలి గాలికే స్పైడర్‌మ్యాన్ ఎగిరి పడతాడు. కిరణాల బలం తగ్గాక స్పైడర్‌మ్యాన్ కొడుతూనే ఉంటాడు, సూపర్‌మ్యాన్ కదలకుండా నిలబడతాడు. నొప్పి పుట్టేది కొట్టినవాడి చేతులకే. ఎంత బలమున్నా చంపకూడదనేవాడు ఒకడు, గెలవలేనని తెలిసినా వదలనివాడు ఇంకొకడు. వాళ్ల స్వభావాలు మనకి కనిపించింది ఇక్కడే. మొత్తం పోరంతా ఇలాంటి గళ్లతోనే (గడి అంటే పేజీలో ఒక్కో బొమ్మ ఉండే చట్రం) నడిస్తే ఎంత బాగుండేది!

మంచి తగవు ఎలా కట్టాలో మన గోదావరి ప్రాంతంలో పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు పుట్టింది ఖండవల్లిలో. ఆయన రాసిన గయోపాఖ్యానం నాటకం గురించి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. గయుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం, అర్ఘ్యం ఇస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు వెళ్లి అర్జునుణ్ణి శరణు కోరతాడు. ఎవరి నుంచి కాపాడాలో వినకముందే అర్జునుడు అభయం ఇచ్చేస్తాడు. ఇద్దరిదీ ప్రాణస్నేహం, ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం లేదు, ఇద్దరూ నిజం తెలిసే యుద్ధానికి దిగుతారు. వాళ్లు మాట్లాడుకుంటారు కూడా, మాట్లాడుకున్నా తగవు తీరదు. ఎందుకంటే ఒకడు ప్రతిజ్ఞ తప్పితే కృష్ణుడు కాడు, ఇంకొకడు శరణన్నవాణ్ణి వదిలితే అర్జునుడు కాడు. మధ్యలో సుభద్ర నలిగిపోతుంది. 1976 నాటి సంచికలో లేనిది ఈ బిగువే.

మళ్లీ ఆ సంచికకి వద్దాం. ముగింపు దగ్గర రచయిత నిలదొక్కుకున్నాడు. లూథర్ పన్నాగం పూర్తయితే భూమి మొత్తం నాశనమవుతుందని ఆక్టోపస్‌కి ఆలస్యంగా అర్థమవుతుంది. లూథర్‌కి పగ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఆక్టోపస్‌కి మాత్రం తను బతకడానికి ఒక లోకం కావాలి. దాంతో తోటి దుర్మార్గుడి మీదే తిరగబడి యంత్రాలు పగలగొడతాడు. ఎవరూ వేషం వేయలేదు, ఏ కిరణమూ తగల్లేదు, మనిషి తన స్వభావం కొద్దీ కథని మలుపు తిప్పాడు. తర్వాత ఆ పన్నాగం వల్ల ముంచుకొస్తున్న ఉప్పెనని ఆపడం సూపర్‌మ్యాన్ పని, లూథర్ సంగతి చూడటం స్పైడర్‌మ్యాన్ పని. వాటా కుదిరింది. ఉప్పెన బొమ్మ మీరు గీయాల్సి వస్తే కెరటం ఒక్కటే గీసి వదలకండి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ పాఠకుడు ముందు ఒడ్డున ఎవరున్నారనే వెతుకుతాడు.

ఇప్పుడు అభ్యాసం. నేనొకటి మచ్చుకి చెబుతాను, మీరు వేరేది కట్టండి.

అల్పపీడనం వానలకి సార్వా చేలు మునిగిపోయాయి. ఊళ్లో ఒక అమ్మాయి ఉంది, కాళ్లు నేల మీద ఆనుతున్నంతసేపు ఎంత బరువైనా ఎత్తగలదు. చేలల్లో నీళ్లు ఈ రాత్రికే తీయిస్తానని రైతులకి మాటిచ్చింది. సముద్రం దగ్గర మురుగు కాలువ తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, ఆమె దాన్ని ఎత్తబోతుంది. అక్కడ ఒక కుర్రాడు అడ్డం నిలబడ్డాడు. నీటి చప్పుడు వింటే చాలు, పోటు ఎప్పుడు తిరుగుతుందో అతనికి తెలిసిపోతుంది. ఒంట్లో బలం మాత్రం మామూలే. పోటు మీద తలుపు ఎత్తితే ఉప్పునీరు ఎదురెక్కి తాగునీటి చెరువుని పాడుచేస్తుంది, చెరువుని కాపాడతానని అతనూ మాటిచ్చాడు. ఇద్దరిదీ న్యాయమే. సమాధానం కూడా వాళ్ల శక్తుల్లోనే ఉంది: పోటు తిరిగే క్షణం అతను చెప్పాలి, ఆ క్షణంలో ఆమె ఎత్తాలి. ఏ ఒక్కరు లేకపోయినా చేను పోతుంది, లేదా చెరువు పోతుంది.

మీది ఎనిమిది పేజీల్లో గీయండి. మొదటి రెండు పేజీలు ఇద్దరికీ చెరొకటి. కలుసుకునే చోటుకి ఒక పేజీ మొత్తం ఇవ్వండి, ఆ చోటే ఇద్దరి తేడానీ చూపించాలి. పి.గన్నవరం అక్విడెక్టు లాంటిది దొరికితే అదృష్టం: పైన కాలువ పారుతుంటుంది, కింద గోదావరి పాయ వైనతేయ పారుతుంటుంది. ఒకరిని పైన, ఒకరిని కింద పెడితే సగం మాటలు రాయక్కర్లేదు. పోరుకి రెండు పేజీలకు మించి వద్దు. మిగతావి తగవు తీరడానికి ఉంచుకోండి, అక్కడే ఎక్కువ చోటు పడుతుంది.

గీయడం అయ్యాక మాటల బుడగలు మాత్రం చూస్తూ, బొమ్మల మీద కాగితం కప్పి చదవండి. ఏ మాట ఎవరిదో తెలియకపోయినా, ఒకరి మాట ఇంకొకరి నోట్లో పెట్టినా అతుకుతున్నా ఆ గడి తిరగరాయండి. వచ్చే పాఠం ప్రతినాయకుల గురించి. మురుగు కాలువ తలుపు అలా తుప్పుపట్టడానికి ఎవరు కారణమో అప్పటికి ఆలోచించి ఉంచండి.