ఏహెచ్ఐ 3 చూపిస్తోంది, నిద్ర మాత్రం తీరడం లేదు

నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బుకు (స్లీప్ ఆప్నియా) మాస్క్ ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే మెషీనే సీపాప్. పొద్దున్నే దాని తెర మీద ఏహెచ్ఐ 3 అని కనిపిస్తుంది. 5 లోపు ఉంటే చాలంటారు. మరి పగలంతా ఈ కునికిపాట్లేంటి?

ఏహెచ్ఐ అంటే గంటకు సగటున ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క. తెల్లవారుజామున ఒక్క గంటలోనే 15 సార్లు ఆగినా, ఏడు గంటలకు పంచితే 2 దగ్గర తేలుతుంది. అందుకే మెషీన్‌లోని ఎస్‌డీ కార్డు తీసి, ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాత్రి మొత్తం గ్రాఫ్ చూడండి. ముందు లీక్ గీతే, అంటే గాలి ఎంత బయటికి పోతోందో చెప్పేదే చూడాలి.

లీక్ గీత పైకి లేచి అక్కడే ఉండిపోతోంది

రెస్‌మెడ్ కంపెనీ మెషీన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే పెద్ద లీకే. అంత గాలి పోతుంటే మెషీన్‌కు మీ శ్వాస సరిగా అందదు, కాబట్టి ఆ సమయంలోని ఏహెచ్ఐని కూడా నమ్మలేం. నేను మొదట్లో పట్టీలు బిగిస్తూ పోయాను. ముక్కు మీద కమిలిందే గానీ లీక్ తగ్గలేదు. మెషీన్ ఆన్ చేసి, పడుకుని, గాలి వస్తుండగా సర్దుకుంటే కుదిరింది. కుషన్‌కు ముఖం జిడ్డు అంటితే జారుతుంది, రోజూ కడగాలి. లేచేసరికి నోరు పిడచకట్టుకుపోతోందా? గాలి నోట్లోంచి పోతోందేమో. ముక్కూ నోరూ కప్పే మాస్క్ గురించి అడగండి.

లీక్ లేదు, కానీ ఈవెంట్లన్నీ (శ్వాస ఆగిన, తగ్గిన సందర్భాలు) ఒకేచోట గుంపుగా ఉన్నాయి

వెల్లకిలా పడుకున్నారేమో, లేదా ఎత్తు దిండు వల్ల గడ్డం ఛాతీకి ఆనుతోందేమో. దిండు మార్చి, పక్కకు తిరిగి పడుకుని నాలుగు రాత్రులు చూడండి. అప్పుడూ ప్రెషర్ గీత గరిష్ఠ సెట్టింగ్‌కు తగిలే ఉంటే డాక్టర్‌కు చూపించండి, సొంతంగా పెంచకండి.

సీఏ ఈవెంట్లు కనిపిస్తున్నాయి

సీఏ అంటే క్లియర్ ఎయిర్‌వే. గొంతు తెరిచే ఉంది, శ్వాస ప్రయత్నమే ఆగింది అని అర్థం. ప్రెషర్ పెంచితే ఇవి ఎక్కువ కావచ్చు. మెలకువలో పక్కకు ఒత్తిగిలుతూ ఊపిరి బిగబట్టినా మెషీన్ రాసేస్తుంది, మీరు నిద్రపోతున్నారో లేదో దానికి తెలియదు మరి. ఒకటీ అరా అయితే టెన్షన్ వద్దు. శ్వాస గీత అలలా పెరిగి, తగ్గి, ఆగి, మళ్లీ పెరగడం పదేపదే కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. గుండె జబ్బున్నవాళ్లలో ఇలా కనిపించవచ్చు.

పడుకోగానే గాలి చాలనట్టుంది

ర్యాంప్, అంటే తక్కువ ప్రెషర్‌తో మొదలై మెల్లగా పెరిగే సెట్టింగ్, 4 దగ్గర మొదలవుతోందేమో చూడండి. చాలామందికి అది తక్కువే. కాస్త పెంచవచ్చేమో డాక్టర్‌ను అడగండి.