చెన్నై ఉక్కపోతకు తగిన స్మార్ట్ క్యాజువల్ దుస్తులు: తొలిసారి సమకూర్చుకునే మగవారికి

నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వంటి ఊళ్ళలో చదువు ముగించుకొని చెన్నైలో ఉద్యోగానికి వచ్చే మన యువకుల పెట్టెల్లో సాధారణంగా రెండు రకాల దుస్తులే ఉంటాయి. ఇంటర్వ్యూ కోసం కొన్న తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఒక రకం. హాస్టల్లో వాడిన అక్షరాల టీ షర్టులు, మోకాళ్ళ దగ్గర వెలిసిన జీన్సు రెండో రకం. కార్యాలయ విందుకో, సహోద్యోగి నిశ్చితార్థానికో వచ్చిన పిలుపులో "స్మార్ట్ క్యాజువల్" అన్న మాట కనబడిన రోజున ఈ రెండింటిలో ఏదీ సరిపోదని తెలుస్తుంది. ఆ మాటకు అర్థం క్లిష్టమైనదేమీ కాదు. టై, సూటు అవసరం లేదు. అయితే ఇంట్లో వేసుకున్న బట్టలతోనే బయలుదేరి వచ్చినట్టు ఉండకూడదు. కాలరున్న చొక్కా లేదా పోలో టీ షర్టు, కొలత కుదిరిన చినో ప్యాంటు (నూలుతో కుట్టిన సాదా క్యాజువల్ ప్యాంటు) లేదా ముదురు నీలం జీన్సు, తుడిచిన బూట్లు ఉంటే చాలు, ఆ పిలుపును గౌరవించినట్టే.

నేను ఒంగోలు నుంచి వచ్చి, చెన్నైలో ఐటీ కార్యాలయాలుండే ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) మీద ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, రంగు నచ్చిందనీ, తగ్గింపు ఉందనీ ఏడు చొక్కాలు కొన్నాను. రెండేళ్ళు గడిచేసరికి వాటిలో నేను ఇష్టంగా వేసుకుంటున్నవి రెండే మిగిలాయి. ఆ రెండింటి రంగులు మిగతా వాటికన్నా గొప్పవి కావు. ఒకటి భుజాల దగ్గర సరిగ్గా కుదిరింది, రెండోది మే నెలలో కూడా ఒంటికి అతుక్కోలేదు. కొలత మొదటిది, బట్ట రెండోది, రంగూ పోకడా ఆ తర్వాతే అన్న క్రమాన్ని నేను అప్పుడు నేర్చుకున్నాను. ఈ వ్యాసాన్ని కూడా అదే క్రమంలో రాస్తున్నాను.

కొత్తవి కొనే ముందు బీరువాలోని బట్టలన్నీ మంచం మీద వేసి, ఒక్కొక్కటే తొడుక్కొని అద్దంలో చూసుకోండి. గత ఆరు నెలల్లో ఒక్కసారి కూడా వేసుకోని వాటిని పక్కన పెట్టండి. మిగిలిన వాటిలో కొలత ఒక్కటే తేడాగా ఉన్నవాటిని టైలరు దగ్గరకు తీసుకువెళ్ళే సంచిలో వేయండి.

చొక్కా కొలతలో అన్నిటికన్నా ముఖ్యమైనది భుజం కుట్టు. అది భుజం ఎముక చివర ఆగాలి. చేతి మీదకు జారితే అన్నగారి చొక్కా అడిగి వేసుకున్నట్టు ఉంటుంది, మెడ వైపుకు లాగితే చేయి ఎత్తినప్పుడల్లా వీపు దగ్గర బిగుస్తుంది. పక్కలు లోపలికి పట్టడం, చేతుల పొడవు తగ్గించడం, ప్యాంటు కింది మడత సరిచేయడం ఏ వీధి టైలరైనా చేయగలిగిన పనులే కాని, భుజాన్ని సరిచేయాలంటే చొక్కాను దాదాపు విప్పి మళ్ళీ కుట్టాలి. అందుకే భుజం కుదరని చొక్కా ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. పొట్ట దగ్గర కొంచెం వదులుగా ఉన్నా భుజం కుదిరితే తీసుకోండి. బొత్తాలన్నీ పెట్టుకొని కూర్చున్నప్పుడు వాటి మధ్య నోళ్ళు తెరుచుకోకూడదు. ప్యాంటులోకి దోపకుండా వేసుకునే చొక్కా అంచు వెనుక జేబు సగం దాకా వస్తే చాలు. తొడల మీదకు దిగిందంటే అది దోపుకోవడానికి కుట్టిన చొక్కా.

సైజు అంకెల విషయంలో చాలామంది పొరబడతారు. మన దేశంలో ఫార్మల్ చొక్కాల మీద ఉండే 39, 40, 42 అంకెలు సాధారణంగా మెడ చుట్టుకొలతను సెంటీమీటర్లలో చెబుతాయి. క్యాజువల్ చొక్కాల మీద కనబడే 38, 40, 42 మాత్రం ఎక్కువగా ఛాతీకి సంబంధించిన అంగుళాలు. రెండింటి మీదా 40 అని ఉన్నంత మాత్రాన రెండూ ఒకే కొలత అనుకోకూడదు. టైలరు చేత మెడ, ఛాతీ, భుజం, చేయి, నడుము కొలిపించుకొని ఫోనులో రాసి పెట్టుకుంటే ఆన్‌లైన్లో కొనేటప్పుడు వస్తువు వెనక్కి పంపవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇక బట్ట సంగతి. చెన్నైలో బట్టను నిర్లక్ష్యం చేస్తే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది. ఇక్కడ మే నెల ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కాని నెల్లూరు తీరం వాళ్ళకు తెలిసినట్టుగా అసలు బాధ ఎండకన్నా గాలిలోని తేమది. ఒంటిమీది చెమట ఆరకపోతే చర్మం చల్లబడదు. పాలియెస్టర్ దారం నీటిని దాదాపుగా పీల్చుకోదు కనుక నూటికి నూరు పాళ్ళు పాలియెస్టర్‌తో మామూలుగా నేసిన చొక్కాలో చెమట లోపలే నిలిచి, సాయంత్రానికి వాసన పడుతుంది. నూలు చెమటను పీలుస్తుంది. అవిసె నారతో నేసే లినెన్ ఇంకా త్వరగా ఆరుతుంది, కొంచెం బిరుసుగా ఉండి ఒంటికి అతుక్కోకుండా నిలుస్తుంది. లినెన్ ముడతలు పడుతుందని చాలామంది భయపడతారు. ఆ ముడతలు లినెన్ స్వభావం. ఉదయం ఇస్త్రీ చేసి వేసుకుంటే మధ్యాహ్నం పడే మెత్తని ముడతలు స్మార్ట్ క్యాజువల్‌లో తప్పు కావు. అవి ఇష్టం లేనివారు నూలు, లినెన్ కలిపి నేసిన బట్ట తీసుకోవచ్చు. కొనేటప్పుడు లోపలి పట్టీ మీద బట్టలో ఏది ఎంత శాతమో తప్పక చదవండి. "కాటన్ ఫీల్", "లినెన్ లుక్" అన్న మాటలు ఆ బట్టలో నూలో లినెనో ఉందని చెప్పవు.

గళ్ళ బట్ట గురించి ఈ ఊళ్ళో రెండు మాటలు చెప్పుకోకుండా ఉండలేం. ప్రపంచమంతా "మద్రాస్ చెక్స్" అని పిలిచే పలుచని నూలు గళ్ళ బట్టకు ఈ నగరం పాత పేరే పేరైంది. మన చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు కూడా ఒకప్పుడు "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" అన్న పేరుతో పశ్చిమాఫ్రికాకు ఎగుమతి అయ్యాయి. కాబట్టి మద్రాసు గళ్ళ చొక్కా వేసుకునే తెలుగువాడు పరాయి పోకడను అనుకరిస్తున్నట్టు కాదు. చిన్న గళ్ళు, రెండు మూడు రంగులకు మించనివి ఎంచుకొని, కింద ఒకే రంగు ప్యాంటు వేసుకుంటే చాలు. చేతి నేత గళ్ళ బట్టలో రంగు కొంత వదలవచ్చు. మొదటి రెండు మూడు సార్లు చన్నీళ్ళలో విడిగా ఉతకండి.

రెడీమేడ్‌లో భుజం కుదరని శరీరాలకు బట్ట కొని కుట్టించుకోవడం నా దృష్టిలో మేలైన మార్గం. ఊరికి వెళ్ళినప్పుడు మంగళగిరి నూలు తెచ్చుకోవచ్చు. ఇక్కడైతే 1935లో మొదలైన కో-ఆప్టెక్స్ చేనేత దుకాణాల్లోనూ, అన్నా సాలై ఖాదీ భవన్‌లోనూ తానుల బట్ట దొరుకుతుంది. 58 అంగుళాల పన్నా ఉన్న బట్టయితే నిండు చేతుల చొక్కాకు సుమారు 1.6 మీటర్లు, 36 అంగుళాల పన్నా అయితే రెండుంబావు నుంచి రెండున్నర మీటర్లు పడుతుంది. మధ్య పన్నాకు టైలరును అడిగి కొనండి. చేనేత బట్టను కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరవేసి, ఇస్త్రీ చేయించి ఇవ్వాలి. ఈ పని మరిచిపోతే మొదటి ఉతుకుకే చొక్కా కుంచించుకొని, అంత జాగ్రత్తగా ఇచ్చిన కొలతలు తప్పుతాయి. మంగళగిరి బట్టకు జరీ అంచు ఉంటే దాన్ని చొక్కాలో ఎక్కడా కనబడనీయవద్దని చెప్పండి. ఆ అంచు పండుగ రోజు పంచెకే అందం.

మొదటి విడతలో ఏమేమి ఉండాలన్నదానికి నా సలహా ఇది. లేత నీలం, తెలుపు రంగుల్లో రెండు ఆక్స్‌ఫర్డ్ (కొంచెం దళసరి నూలు నేత) లేదా పాప్లిన్ (పలుచని నున్నని నేత) చొక్కాలు, ఒక లినెన్ చొక్కా, ఒక గళ్ళ చొక్కా, ముదురు నీలంలోనో ముదురు ఆకుపచ్చలోనో ఒక పోలో టీ షర్టు. కింద ఖాకీ రంగు చినో ఒకటి, ముదురు నీలం చినో ఒకటి, చిరుగులూ తెల్ల మచ్చలూ లేని ముదురు జీన్సు ఒకటి. ఈ ఐదు పైబట్టల్లో దేన్నైనా ఈ మూడు ప్యాంట్లలో దాదాపు దేనితోనైనా వేసుకోవచ్చు కనుక సుమారు పదిహేను జతలు అవుతాయి. చామనఛాయ ఒంటికి ముదురు రంగులు నప్పవని మన ఇళ్ళలో చెప్పే మాటను నేను ఒప్పుకోను. ముదురు ఆకుపచ్చ, మెరూన్, ముదురు నీలం, మీగడ తెలుపు మన ఒంటి రంగు మీద ఎంతో నిండుగా ఉంటాయి. తెల్ల చొక్కా కింద తెల్ల బనియను వేస్తే దాని గీతలు బయటకు కనబడతాయి. ఒంటి రంగుకు దగ్గరగా ఉన్న వీ మెడ బనియను కనబడదు.

బూట్ల దగ్గర మాత్రం వెనుకాడకుండా కొంచెం ఎక్కువ ఖర్చు చేయండి. చెన్నైలో ఉన్నవారికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. తోలు వర్తకానికి పేరుపడిన పెరియమేడు నగరంలోనే ఉంది, తోలు బూట్ల తయారీకి పేరుపొందిన ఆంబూరు రైలు ప్రయాణ దూరంలో ఉంది. గోధుమ రంగు తోలు లోఫర్లు (లేసులు లేని బూట్లు) ఒక జత, ఒకే రంగులో ఉన్న సాదా తెల్ల స్నీకర్లు ఒక జత సరిపోతాయి. తోలు బూట్లను వరుసగా రెండు రోజులు వేసుకోవద్దు. లోపలి చెమట ఆరడానికి ఒక రోజు విరామం కావాలి. ఇక్కడి తేమకు మూసిన బీరువాలో తోలు మీద తెల్లగా బూజు పడుతుంది. బూట్లలో పాత వార్తాపత్రిక ఉండలు పెట్టి, గాలి తగిలే అరలో ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో వేళచ్చేరి వంటి చోట్ల రోడ్ల మీద నీళ్ళు నిలుస్తాయి కనుక రబ్బరు చెప్పులతో బయలుదేరి, బూట్లను సంచిలో తీసుకువెళ్ళి కార్యాలయంలో మార్చుకోవడమే మంచిది. బెల్టు బూట్ల రంగుకు దగ్గరగా ఉంటే చాలు.

ఉతుకు గురించి ఒక హెచ్చరిక. చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళో ట్యాంకరు నీళ్ళో వాడుతారు. ఆ ఉప్పు నీటికి ముదురు రంగులు త్వరగా మసకబారి, బట్ట బిరుసెక్కుతుంది. ముదురు చొక్కాలను లోపలి వైపు పైకి తిప్పి, తక్కువ పొడితో, చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరవేయండి. జీన్సును నాలుగైదు సార్లు వేసుకున్నాక ఉతికినా సరిపోతుంది. ఇస్త్రీ బండి అన్నకు లినెన్ చొక్కా ఇచ్చేటప్పుడు కొంచెం తడిగా ఉండగానే చేయమని అడగండి.

ఇవన్నీ ఒక్క నెలలోనే కొనవలసిన అవసరం లేదు. మొదటి జీతంతో రెండు చొక్కాలు, ఒక చినో, లోఫర్లు తీసుకొని, ఒక నెల వాడి చూడండి. ఏది తరచుగా చేతికి వస్తుందో, ఏది అడుగునే ఉండిపోతుందో గమనించాక మిగిలినవి కొనండి. జూలై నడుమ మొదలయ్యే తమిళుల ఆడి మాసంలో, మన ఆషాఢం తగ్గింపుల్లాగానే, టి. నగర్ దుకాణాల్లో ధరలు తగ్గుతాయి. ఆ నెలకు జాబితా రాసుకొని వెళ్ళండి, జాబితాలో లేనిది తేవద్దు. బ్లేజరు అన్నిటికన్నా చివర. అది తప్పనిసరి అనిపించిన రోజున ముదురు నీలంలో, లోపల సగమే అస్తరు వేసినది, భుజాల్లో దళసరి మెత్త లేనిది ఎంచుకోండి. దాన్ని చేతి మీద వేసుకొని ప్రయాణించి, ఏసీ హాలు గుమ్మంలో తొడుక్కుంటే సరిపోతుంది.