రెన్‌ఫీల్డ్ వేషం కట్టడం ఎలా? డ్రాకులా పక్కన నిలబడే నటుడి కోసం

కాలేజీ ఫెస్ట్‌కో షార్ట్ ఫిల్మ్‌కో డ్రాకులా కథ అనుకోగానే అందరూ డ్రాకులా వేషం కోసమే కొట్లాడతారు, అతనికి బానిసైపోయే రెన్‌ఫీల్డ్ వేషం మాత్రం చివరికి ఎవరు మిగిలితే వాళ్ళకి అంటగడతారు. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఆ వేషం మీకు వచ్చిందంటే సంతోషంగా తీసుకోండి. డ్రాకులా కోరలు మార్కెట్‌లో ఎక్కడైనా దొరుకుతాయి. వాడి చేతిలో పడ్డ మనిషి ఏమైపోయాడో కళ్ళారా చూస్తేనే ప్రేక్షకుడికి భయం పుడుతుంది, ఆ మనిషి మీరే.

ముందు 1931లో యూనివర్సల్ వాళ్ళు తీసిన 'డ్రాకులా' చూడండి, గంటంబావు సినిమా. టాడ్ బ్రౌనింగ్ డైరెక్టర్, బేలా లుగోసీ డ్రాకులా, రెన్‌ఫీల్డ్‌గా డ్వైట్ ఫ్రై. 1998లో ఫిలిప్ గ్లాస్ కట్టిన సంగీతంతో ఇంకో వెర్షన్ ఉంది గానీ అది తర్వాత చూద్దురుగానీ, మొదట పాతదే చూడాలి. టైటిల్స్ అయిపోయాక దాంట్లో నేపథ్య సంగీతం దాదాపు లేనే లేదు. అందుకే ఫ్రై నవ్వు ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా వినిపించి ఒళ్ళు జలదరిస్తుంది. రెండోసారి ఫ్రై ఉన్న సీన్లు మాత్రమే సౌండ్ ఆపేసి చూడండి, చేతులూ కళ్ళూ ఏం చేస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది.

చాలామంది తప్పు చేసేది మొదటి సీన్‌లోనే. రెన్‌ఫీల్డ్ అంటే పిచ్చివాడు కదా అని తెర లేచినప్పటి నుంచే కళ్ళు తిప్పడం మొదలుపెడతారు. బ్రామ్ స్టోకర్ 1897 నవలలో అతను మొదటి నుంచీ పిచ్చాసుపత్రిలో రోగే, డ్రాకులా కోటకు వెళ్ళేది జొనాథన్ హార్కర్ అనే ఇంకో పాత్ర. సినిమాలో ఆ ప్రయాణం రెన్‌ఫీల్డ్‌కి ఇచ్చారు, నాకైతే ఆ కథ మార్పు వల్లే ఈ పాత్ర ఇంత గుర్తుండిపోయిందనిపిస్తుంది. సూటూ బూటూ వేసుకుని, ఇంటి అద్దె కాగితాలు పట్టుకుని వచ్చిన మర్యాదస్తుడు, ఊరివాళ్ళు వద్దన్నా నవ్వేసి బయల్దేరతాడు. డ్రాకులా సాలెగూడు చెదరకుండానే దాటి వెళ్ళిపోతే, ఇతను చేతికర్రతో దాన్ని తెంపుకుంటూ వెళ్ళాలి. కాగితాల క్లిప్పు గుచ్చుకుని వేలికి రక్తం వస్తుంది. ఇవన్నీ మామూలు మనిషికి జరిగే చిన్న చిన్న సంగతుల్లాగే చేయండి. మీ మొదటి సీన్ చూసి ప్రేక్షకులకు మీరు మంచోడని నమ్మకం కుదరకపోతే తర్వాత మీరు ఎంత అరిచినా జాలి పుట్టదు.

ఇక నవ్వు. డ్రాకులా వశమైపోయి అతనితో పాటు ఎక్కిన ఓడ ఇంగ్లండ్ చేరాక, రెన్‌ఫీల్డ్ దాని అడుగు భాగంలో దొరుకుతాడు, మెట్ల కింద నుంచి పైకి చూస్తూ. అది నోరంతా తెరిచి నవ్వే నవ్వు కాదు, లోపలి నుంచి తెరలు తెరలుగా సన్నగా వస్తుంది. దీన్ని గొంతుతో లాగితే రెండు రిహార్సల్స్‌కే గొంతు పోతుంది. పొట్ట నిండా గాలి తీసుకుని, దవడ వదులుగా ఉంచి, ఊపిరిని ముక్కలు ముక్కలుగా వదలండి, మధ్యలో గోరువెచ్చని నీళ్ళు తాగండి. మన వరంగల్ బిడ్డ, మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు హాలీవుడ్ సినిమాల సౌండ్‌ట్రాక్‌ని ఒక్క గొంతుతో వినిపించేవారు. వారి రికార్డింగులు వినండి, ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకి మారేటప్పుడు ఊపిరి ఎక్కడ తీస్తున్నారో గమనించండి. మర్యాదస్తుడి గొంతు నుంచి ఆ నవ్వుకి మారడానికి మీకు కావలసింది అదే.

ఒళ్ళు ఎలా పెట్టాలో సినిమా కంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళే బాగా చెప్తారు. గడీల (దొరల కోటల్లాంటి ఇళ్ళ) కాలం చూసినవాళ్ళు, లేదా వాళ్ళ అమ్మానాన్నల నోట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. దొర ముందు జీతగాడు ఎట్లా నిలబడేవాడో అడగండి. చెప్పులు ఎక్కడ విడిచేవాడు, చూపు ఎక్కడ ఉండేది, పిలిస్తే ఎంత దూరంలో ఆగేవాడు, ఇవన్నీ అడిగి చేసి చూపించమనండి. రెన్‌ఫీల్డ్ తన యజమాని ముందు నిలబడే తీరులో ఆ భయమే ఉంది, దాంతోపాటు ఆశ కూడా ఉంది: ఎలుకలు ఇస్తానన్నాడు, రక్తం ఇస్తానన్నాడు. ఈ రెండూ ఒకేసారి కనిపించాలి. కథానాయిక మీనాకి హాని జరగబోతోందని తెలిసి, నన్ను ఇక్కడి నుంచి పంపించేయండని పిచ్చాసుపత్రి డాక్టర్‌ని బతిమాలే చోట మాత్రం పూర్తిగా మామూలు గొంతుకి వచ్చేయండి. ఆ పాత్రలో మిగిలిన మనిషి కనబడేది అక్కడే. నటుడి పనితనం కూడా అక్కడే తెలుస్తుంది.

పిచ్చాసుపత్రిలో రెన్‌ఫీల్డ్‌కి ఈగలు తినే పిచ్చి ఉంటుంది, ఆ సీన్‌కి నల్ల కిస్మిస్ చాలు. దాన్ని గబుక్కున నోట్లో వేసుకోకండి, చుట్టుపక్కల ఎవరైనా చూస్తున్నారేమోనన్న సిగ్గుతో వేసుకోండి. స్పృహ తప్పిన పనిమనిషి వైపు పాకే షాట్‌లో ఫ్రై ఎంత నెమ్మదిగా వెళ్తాడో చూడండి, స్టేజి మీద తొందరపడితే అది నవ్వులపాలవుతుంది.

షార్ట్ ఫిల్మ్ అయితే పాడుబడ్డ గడీ దొరికితే అంతకంటే మంచి కోట లేదు, ఓనర్ని అడిగి వెళ్ళండి, పైకప్పు గట్టిగా ఉందో లేదో పగలే చూసుకోండి. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి పురావస్తు శాఖ కిందివి, అనుమతి లేకుండా లైట్లూ ట్రైపాడూ పట్టుకెళ్ళకండి.

చివర్లో డ్రాకులా మీ గొంతు పిసికి మెట్ల మీద నుంచి తోసేస్తాడు. అక్కడ అవతలి నటుడు చేతులు మీ మెడ పక్కన ఊరికే ఆనించాలి, మీరే అతని మణికట్లు పట్టుకుని లాగుతూ గింజుకోవాలి, అంటే బలమంతా మీదే, ఆపాలనుకున్నప్పుడు ఆపేది మీరే. నిజం మెట్ల మీద దొర్లకండి. రెండు మెట్లు కనబడేలా పెట్టుకుని, వెనక పరుపు వేసి, పక్కకి పడండి. పడేటప్పుడు తల మొదట తగలకూడదు. డ్రెస్ రిహార్సల్‌లో అదే బట్టలతో, అదే బూట్లతో చేసి చూశాకే షో రోజు చేయండి.