ఒక సర్వర్, నాలుగు యంత్రాలు – మూడో పాఠం: అడిగి పుచ్చుకునే కెర్నల్

గత పాఠంలో సర్వర్ మీద డెబియన్ 12 ఎక్కించి, డిస్కులో ఎక్కువ భాగాన్ని, డిస్కును కావలసినట్టు ముక్కలు చేసి ఇచ్చే ఎల్‌వీఎం చేతిలో ఖాళీగా పెట్టుకున్నాం. ఈ రోజు దాని మీద జెన్ హైపర్‌వైజర్‌ను, అంటే ఒకే సర్వర్‌ను పలు యంత్రాలకు పంచిపెట్టే ప్రోగ్రామ్‌ను, నిలబెట్టి మొదటి పారావర్చువల్ యంత్రానికి ప్రాణం పోద్దాం. ఉదాహరణ పాతదే. కోవూరులో ఒక రైస్ మిల్లు, 8 జీబీ మెమరీ ఉన్న పాత సర్వర్. దాని మీద కాటా లెక్కలకు ఒక యంత్రం, ఫైళ్లకు ఒకటి, బ్యాకప్‌కు ఒకటి నడవాలి. వీటన్నిటినీ మోసే యజమాని యంత్రంతో కలిపి నాలుగు.

కమాండ్లను పలికే తీరున తెలుగులోనే రాస్తున్నాను. కీబోర్డు మీద అవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు. ఎక్కడైనా పెద్ద అక్షరాలో, అడ్డగీతలో కావలసివస్తే అక్కడే చెబుతాను.

ముందుగా "పారా" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఇది అర్థమైతే తరువాత వచ్చే ప్రతి సెట్టింగూ ఎందుకలా ఉందో మీకే తోస్తుంది. లేకపోతే అన్నీ బట్టీ పట్టాల్సిందే.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు పుట్టుకతో ఒక నమ్మకం ఉంటుంది: ప్రాసెసర్, మెమరీ, డిస్కు అన్నీ తనవేనని. ఒకే సర్వర్ మీద నాలుగు కెర్నళ్లను నడపాలంటే వాటిలో ఎవరికీ ఆ పూర్తి అధికారం ఇవ్వకూడదు. అందుకని వాటిని తక్కువ అధికారం ఉన్న అంచెలో కూర్చోబెట్టి, హద్దు మీరిన పని చేయబోయినప్పుడల్లా పట్టుకోవాలన్నది పాత పద్ధతి. కానీ మనం వాడే ఎక్స్86 ప్రాసెసర్లలో ఒక చిక్కు ఉండేది. పాప్‌ఎఫ్ అనే సూచననే తీసుకోండి. అంతరాయాలు, అంటే పరికరాలు పని మధ్యలో పంపే పిలుపులు, ఇక వద్దని కెర్నల్ దీని ద్వారా చెప్పగలదు. తక్కువ అంచె నుంచి చెబితే ప్రాసెసర్ ఆ పని చేయదు, చేయనని కూడా చెప్పదు. తప్పు జరిగినట్టు ఎవరికీ కబురు అందదు కాబట్టి హైపర్‌వైజర్‌కు పట్టుకునే అవకాశమే రాదు. కెర్నల్ మాత్రం అంతరాయాలు ఆగిపోయాయనే నమ్మి ముందుకు పోతుంది.

ఈ చిక్కుకు ప్రాసెసర్‌లోనే పరిష్కారం ఇంటెల్ నుంచి 2005 చివర్లో, ఏఎండీ నుంచి 2006లో వచ్చింది. దానికి ముందే, 2003లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు జెన్‌తో మరో దారి చూపించారు. కెర్నల్‌ను మభ్యపెట్టడం మానేసి దానికి నిజం చెప్పేశారు. నువ్వు ఒంటరివి కావు, ఇది కావాలంటే ఇలా అడుగు అని కెర్నల్ కోడ్‌నే మార్చారు. అలా అడగడాన్నే హైపర్‌కాల్ అంటారు.

మన నెల్లూరు జిల్లా వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. సంగం దగ్గర పెన్నా నీరు కాలువకెక్కి, కనిగిరి జలాశయం మీదుగా ఎన్నో ఊళ్ల పొలాలకు చేరుతుంది. కాలువ తనొక్కడిదే అనుకున్న రైతు రాత్రికి రాత్రి తూము తలుపు ఎత్తేస్తే కింది మడులు ఎండుతాయి. ఆయకట్టు సంగతి తెలిసిన రైతు లస్కరుకు చెబుతాడు. లస్కరు పై నీటిని, కింది పొలాలను చూసుకుని తలుపు ఎత్తుతాడు. ఆ రెండో రైతే పారావర్చువల్ కెర్నల్. తలుపు మీద తను చేయి వేయదు, హైపర్‌వైజర్‌ను అడుగుతుంది. మెమరీ పట్టికలో ఒక్క వరుస మార్చాలన్నా అంతే. హైపర్‌వైజర్ ఆ మార్పును పరీక్షించి, పక్కవాడి మెమరీలోకి పోవడం లేదని తేల్చుకున్నాకే ఒప్పుకుంటుంది.

దీని నుంచి రెండు సంగతులు వస్తాయి. ఒకటి, మార్చిన కెర్నల్ ఉన్న సిస్టమే ఇలా నడుస్తుంది. లినక్స్ కెర్నల్‌లో ఇలా జెన్ మీద అతిథిగా నడిచే నేర్పు 2007లో వచ్చిన 2.6.23 నుంచే ఉంది, మనం విడిగా ఏమీ చేర్చనక్కర్లేదు. విండోస్ ఈ పద్ధతిలో నడవదు, దాని దారి వేరు. రెండోది, కొత్తవాళ్లందరూ తడబడేది: ఈ యంత్రానికి బయాస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) ఉండదు, సీడీ డ్రైవ్ నుంచి బూట్ కావడం ఉండదు. ఐఎస్ఓ ఫైలు చూపించి ఇన్‌స్టాల్ చేద్దామంటే కుదరదు. ఏం చేయాలో కాసేపట్లో చూద్దాం.

ఇక పనిలోకి. రూట్‌గా లాగిన్ అయి, ఆప్ట్ ఇన్‌స్టాల్ అన్న తరువాత జెన్, సిస్టమ్, ఏఎండీ64 అనే మూడు ముక్కలను అడ్డగీతలతో కలిపి ప్యాకేజీ పేరుగా ఇవ్వండి. పేరులో ఏఎండీ ఉందని ఇంటెల్ సర్వర్ ఉన్నవాళ్లు వెనకాడవద్దు, 64 బిట్ యంత్రాలన్నిటికీ అదే. తరువాత రీబూట్. గ్రబ్ మెనూలో జెన్ పేరున్న వరుసతో పైకి రావాలి. లాగిన్ అయ్యాక ఎక్స్‌ఎల్ లిస్ట్ అని కొట్టండి (జెన్‌తో మాట్లాడే కమాండే ఎక్స్‌ఎల్). డొమైన్ సున్నా అని ఒకే ఒక్క వరుస కనబడితే జెన్ నిలబడినట్టే.

ఈ డొమైన్ సున్నానే వాడుకలో డామ్ జీరో అంటాం. మీరు ఇప్పటిదాకా వాడుతున్న డెబియనే అది, కాకపోతే ఇప్పుడు అదీ జెన్ మీద నడుస్తోంది. హైపర్‌వైజర్ చాలా చిన్నది, దానికి డిస్కు డ్రైవర్లు, నెట్‌వర్క్ డ్రైవర్లు ఉండవు. ఆ బాధ్యతంతా డామ్ జీరోది. అతిథి యంత్రంలో ముందు డ్రైవర్, డామ్ జీరోలో వెనుక డ్రైవర్ ఉంటాయి. రెండూ కలిసి పంచుకున్న మెమరీ పేజీల మీద ఇచ్చిపుచ్చుకుంటాయి. కాబట్టి డామ్ జీరో ఊపిరాడక నీరసిస్తే మిగతా మూడు యంత్రాలూ నీరసిస్తాయి.

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటారు. డామ్ జీరో విషయంలో దీన్ని గోడ మీద రాసిపెట్టుకోవచ్చు. ఏమీ చెప్పకపోతే మొదట్లో మెమరీ దాదాపు అంతా డామ్ జీరో దగ్గరే ఉంటుంది. అతిథులు పుట్టేకొద్దీ అందులోంచి తీసి ఇస్తూ పోతుంది. అలా సాగదీయడం నాకు ఇష్టం లేదు. దాని వాటా ముందే తేల్చేయాలి. గ్రబ్ సెట్టింగుల ఫైలులో గ్రబ్, సీఎండీలైన్, జెన్, డిఫాల్ట్ అనే నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో, కింది గీతలతో కలిపి ఉండే వరుస ఒకటి చేర్చండి. దాని విలువగా డామ్0, కింది గీత, మెమ్ అని రాసి, సమానం గుర్తు తరువాత 2048ఎం, కామా, మ్యాక్స్, కోలన్, 2048ఎం అని ఇవ్వండి. మొదటి అంకె మొదలుపెట్టే మెమరీ, రెండోది పరిమితి, రెండూ ఒకటే. అప్‌డేట్ అడ్డగీత గ్రబ్ కమాండ్ ఇచ్చి మళ్లీ రీబూట్ చేయండి. 8 జీబీలో 2 పోతే, హైపర్‌వైజర్ వాడుకునే కాస్త పక్కన పెట్టినా, ఒక్కో అతిథికి 1536 ఎంబీ హాయిగా వస్తుంది.

డామ్ జీరో మీద ఇంకే సేవనూ నడపవద్దు. ఫైల్ సర్వర్ కూడా ఇక్కడే పెట్టేస్తే ఒక యంత్రం కలిసొస్తుంది కదా అనిపిస్తుంది. పెట్టవద్దు. దాని మీద దెబ్బ పడితే నాలుగూ పడతాయి.

తరువాతిది బ్రిడ్జ్. అతిథుల నెట్‌వర్క్ తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ లాంటిది ఇది. బ్రిడ్జ్, యుటిల్స్ అనే మాటలను అడ్డగీతతో కలిపిన పేరున్న ప్యాకేజీ వేసుకుని, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైలులో జెన్‌బీఆర్0 అనే బ్రిడ్జ్ రాయండి. అసలు కార్డు పేరును దాని పోర్టుగా చూపించండి. ఐపీ చిరునామా బ్రిడ్జ్‌కు ఉండాలి, కార్డుకు ఉండకూడదు. కార్డు వరుసలో మాన్యువల్ అన్న మాట ఒక్కటే మిగలాలి.

ఈ ఒక్క వరుస దగ్గరే నేను గట్టిగా దెబ్బతిన్నాను. నెల్లూరులో ఇంట్లో కూర్చుని రాత్రి పదిన్నరకు దూరం నుంచే ఈ ఫైలు మార్చాను. బ్రిడ్జ్‌కు చిరునామా ఇచ్చాను, కార్డు వరుసలో అదే చిరునామా తీసేయడం మరిచాను. నెట్‌వర్క్‌ను మళ్లీ మొదలుపెట్టగానే తెర మీద కర్సర్ అలాగే నిలిచిపోయింది. రెండు నిమిషాలు చూశాను, ఐదు నిమిషాలు చూశాను. తెల్లవారితే ధాన్యం లారీలు కాటా ఎక్కాలి. స్కూటర్ తీసి పెన్నా వంతెన దాటి మిల్లుకు వెళ్లాను. కాపలా ఉన్న పెద్దాయన టార్చి నా ముఖం మీద వేసి "ఏమయ్యా, ఈ వేళప్పుడు వచ్చావు, ఏమైంది?" అన్నారు. తవుడు బస్తాల పక్కన స్టూలు మీద మానిటర్ పెట్టి, సర్వర్‌కు తగిలించి, ఆ ఒక్క వరుస చెరిపేసరికి పన్నెండు దాటింది. ఆయన అంతసేపూ టార్చి పట్టుకుని నిలబడ్డారు.

అందుకే చెబుతున్నాను: ఈ మెట్టును సర్వర్ ఎదుట కూర్చునే ఎక్కండి. దూరం నుంచే తప్పదంటే పాత ఫైలుకు నకలు తీసి, పది నిమిషాల్లో ఆ నకలును తిరిగి పెట్టి నెట్‌వర్క్‌ను మళ్లీ మొదలుపెట్టే పనిని ఎట్ కమాండ్‌తో ముందే అప్పగించండి. అంతా బాగుంటే ఆ పనిని రద్దు చేసుకోవచ్చు.

ఇప్పుడు అతిథి. మొదటి యంత్రం పేరు కాటా. ఎల్‌వీక్రియేట్ కమాండ్‌తో 20 జీబీ లాజికల్ వాల్యూమ్ ఒకటి అదే పేరుతో తీయండి. బయాస్ లేదు, సీడీ లేదు అన్నాను కదా. మరి ఇన్‌స్టాలర్ ఎలా లేస్తుంది? డామ్ జీరోయే దాని కెర్నల్‌ను మెమరీలో పెట్టి నడిపిస్తుంది. డెబియన్ వాళ్లు నెట్‌బూట్ విభాగంలో జెన్ అనే డైరెక్టరీలో సరిగ్గా దీనికోసమే రెండు ఫైళ్లు ఉంచుతారు: వీఎంలినజ్, ఇనిట్‌ఆర్‌డీ. రెంటినీ డామ్ జీరోలోకి దించుకోండి.

ఈటీసీ కింద జెన్ డైరెక్టరీలో కాటా పేరుతో కాన్ఫిగ్ ఫైలు తెరవండి. నేమ్ దగ్గర పేరు, మెమరీ దగ్గర 1536, వీసీపీయూస్ దగ్గర 1. కెర్నల్, రామ్‌డిస్క్ వరుసల్లో ఇందాక దించిన రెండు ఫైళ్ల దారులు. డిస్క్ వరుసలో మన లాజికల్ వాల్యూమ్, అతిథికి అది కనబడాల్సిన పేరు ఎక్స్‌వీడీఏ, రాయడానికి అనుమతి తెలిపే డబ్ల్యూ. విఫ్ వరుసలో బ్రిడ్జ్ పేరుతో పాటు మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) కూడా మీరే ఇవ్వండి. జెన్‌కు కేటాయించిన మ్యాక్‌లు 00, 16, 3ఇ అని మొదలవుతాయి, మిగతా మూడు జతలు మీ ఇష్టం. ఇవ్వకపోతే ఎక్స్‌ఎల్ తానే ఒకటి కల్పిస్తుంది, యంత్రం మళ్లీ పుట్టినప్పుడు అది మారవచ్చు. అప్పుడు రూటర్ దానికి వేరే ఐపీ ఇస్తుంది, కాటా గదిలో కంప్యూటర్ పాత ఐపీనే వెతుకుతూ ఉంటుంది. రెండో యంత్రానికి ఈ ఫైలును నకలు చేసినప్పుడు మ్యాక్ మార్చడం మరవకండి.

ఆఖరుగా ఆన్, కింది గీత, రీబూట్ వరుసలో డిస్ట్రాయ్ అని రాయండి. ఇన్‌స్టాలేషన్ ముగిసి రీబూట్ అయితే కెర్నల్ వరుస ఇంకా ఇన్‌స్టాలర్‌నే చూపిస్తుంటుంది కాబట్టి మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరకే వస్తారు. ఈ వరుస ఉంటే యంత్రం అక్కడితో ఆగుతుంది.

ఎక్స్‌ఎల్ క్రియేట్ అని, అడ్డగీత సీ చేర్చి, కాన్ఫిగ్ ఫైలు దారి ఇవ్వండి. టెర్మినల్‌లోనే ఇన్‌స్టాలర్ తెరుచుకుంటుంది. అక్కడి ప్రశ్నలు మీకు మొదటి పాఠం నుంచి తెలిసినవే. విభజన దగ్గర మాత్రం బూట్ ఉండే భాగాన్ని ఈఎక్స్‌టీ4గానే ఉంచండి. పైగ్రబ్‌తో పేచీ రాదు.

పైగ్రబ్ ఇక్కడే వస్తుంది. ఇన్‌స్టాలేషన్ ముగిసి యంత్రం ఆగాక కాన్ఫిగ్ ఫైలులో కెర్నల్, రామ్‌డిస్క్, ఆన్ రీబూట్ వరుసలు తీసేసి, బూట్‌లోడర్ వరుసలో పైగ్రబ్ అని రాయండి. ఇది డామ్ జీరోలో నడుస్తూ అతిథి డిస్కులోకి తొంగిచూసి, అక్కడి గ్రబ్ ఫైలు చదివి, అది చెప్పిన కెర్నల్‌ను తెచ్చి నడిపిస్తుంది. ఆపైన అతిథి తన కెర్నల్‌ను తానే అప్‌డేట్ చేసుకోవచ్చు. మళ్లీ క్రియేట్ కొట్టండి. లాగిన్ అడుగుతుంది. బయటకు రావడానికి కంట్రోల్‌తో పాటు మూసే చదరపు బ్రాకెట్ నొక్కాలి.

ఇప్పుడు ఎక్స్‌ఎల్ లిస్ట్‌లో రెండు వరుసలు. కాటా స్థితి దగ్గర బీ అనే అక్షరం కనబడుతుంది. బ్లాక్డ్ అట, ఏదో చెడిపోయింది అని చాలామంది కంగారుపడతారు. అది పని లేక ఎదురుచూస్తోంది, అంతే. లారీ వచ్చి బరువు నమోదై, కిలోలు 850తో భాగించి పుట్లు లెక్క కట్టేటప్పుడు చూస్తే ఒక్క క్షణం ఆర్ అవుతుంది, మళ్లీ బీ. ఖాళీగా ఉన్న యంత్రానికి బీ అంటే ఆరోగ్యమే.

ఆపాలంటే ఎక్స్‌ఎల్ షట్‌డౌన్. ఇదీ అడగడమే: అతిథికి కబురు పోతుంది, తన ఫైళ్లు సర్దుకుని తనే ఆగుతుంది. డిస్ట్రాయ్ అంటే కరెంటు తీగ లాగేయడం. బిగుసుకుపోయి ఏ కబురుకూ పలకని యంత్రానికే అది. మెమరీ తగ్గించడానికి ఎక్స్‌ఎల్ మెమ్ అడ్డగీత సెట్ ఉంది. అప్పుడు అతిథిలోని బెలూన్ డ్రైవర్ తన మెమరీలో కొంత పట్టుకుని హైపర్‌వైజర్‌కు తిరిగి ఇచ్చేస్తుంది. కాన్ఫిగ్‌లో ఇచ్చిన పరిమితికి మించి మాత్రం పెంచలేరు. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తానే లేవాలంటే జెన్ డైరెక్టరీలో ఆటో అనే ఉపడైరెక్టరీలో ఈ కాన్ఫిగ్‌కు లింకు పెట్టండి. మిల్లుల్లో ఇది తప్పనిసరి.

సర్వర్ కాస్త కొత్తదైతే ఒక మాట. ఎక్స్‌ఎల్ ఇన్ఫో ఇచ్చి, జెన్ క్యాప్స్ వరుసలో హెచ్‌వీఎం (ఇందాక చెప్పిన ప్రాసెసర్ పరిష్కారం ఉందన్న గుర్తు) అని ఉందేమో చూడండి. ఉంటే కాన్ఫిగ్‌లో టైప్ వరుసలో పీవీహెచ్ అని రాసి, దానికి తగిన బూట్ పద్ధతితో నడపడం మేలు. 2018లో బయటపడిన మెల్ట్‌డౌన్ లోపం ఇంటెల్ ప్రాసెసర్ల మీద 64 బిట్ పారావర్చువల్ అతిథుల హద్దునే బలహీనపరిచింది. జెన్‌లో దానికి రక్షణ చేర్చారు కానీ వేగం కొంత తగ్గింది. పీవీహెచ్‌లో మెమరీ హద్దును ప్రాసెసరే కాస్తుంది, డిస్కు, నెట్‌వర్క్ మాత్రం ఇప్పుడు నేర్చుకున్న అడిగి పుచ్చుకునే పద్ధతే. నాలుగో పాఠం దాని గురించే.

ఈలోగా ఫైళ్ల యంత్రాన్ని మీరే పుట్టించండి. దాని కాన్ఫిగ్ ఫైలు రాసే ముందు ఒక కాగితం మీద నాలుగు యంత్రాల పేర్లు, మెమరీ, మ్యాక్, ఐపీ రాసుకుని, సర్వర్ పక్క గోడకు అంటించండి. మీరు లేనప్పుడు ఎవరైనా వచ్చి చూడాల్సివస్తే వాళ్లకు దొరికే మొదటి ఆధారం అదే.